పాస్కోలో ఎక్కడం, అల్బెర్తిలో దిగడం

కొయ్య పెట్టెలు తీసేసిన వేసవి అది. మా నేల కింది రైలు పెట్టెలు దాదాపు నూరేళ్ళనాటివి. తలుపులు చేత్తో తెరుచుకోవాలి. లోపల గాజు పూలలాంటి దీపాలు. వాటిని మార్చడానికి, మాకు నడివేసవైన జనవరిలో లైను మొత్తం ఆపేస్తామని ప్రకటించినప్పుడు బ్యూనస్ ఎయిర్స్‌లో సగం ఊరు కళ్ళు తుడుచుకుంది. చివరి రోజుల్లో జనం కెమెరాలు పట్టుకుని స్టేషన్లలోకి దిగారు. ఒకాయన కొయ్య బెంచీని నిమురుతూ ఏడవడం టీవీలో చూశాను. అమ్మ పోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళి బంగాళాదుంపలు ఒలిచాను.

మా ఇల్లు పిచించా వీధిలో, పాస్కో, అల్బెర్తి స్టేషన్లకి మధ్యలో ఉంది. ఈ రెండూ సగం సగం స్టేషన్లు. మరీ దగ్గరగా కట్టారని ఒకప్పుడు ఒక్కోదానిలో ఒక్కో వైపు మూసేశారు. సెంటర్‌కి వెళ్ళే రైలు పాస్కోలో ఆగుతుంది, అల్బెర్తిలో ఆగదు. సెంటర్ నుంచి వచ్చేది అల్బెర్తిలో ఆగుతుంది, పాస్కోలో ఆగదు. అంచేత మా పేటలో ఎవరైనా పాస్కోలో ఎక్కి వెళ్తారు, అల్బెర్తిలో దిగి వస్తారు. సాగనంపేవాళ్ళు పాస్కో మెట్ల దాకా వస్తారు. ఎదురుచూసేవాళ్ళు అల్బెర్తి మెట్ల పైన నిలబడతారు. "పాస్కోలో దిగుతాను, రా" అని ఎవరైనా అంటే, ఆ మనిషి ఈ పేటకి కొత్త అని తెలిసిపోతుంది.

అమ్మ నవంబరులో పోయింది. గుండె. వీధుల్లో జకరాండా పూలు రాలే రోజులు. శ్మశానం నుంచి వచ్చాక చూస్తే నాన్న బూట్లకి ఊదా రేకులు అంటుకుని ఉన్నాయి. నేనే తుడిచాను.

నాన్నకి ఎనభై ఆరేళ్ళు. జ్ఞాపకం అప్పటికే అక్కడక్కడా చిరిగింది. ఎక్కడికక్కడ అమ్మ కుట్లు వేసుకుంటూ వచ్చింది. ఆమె వయసులో ఉన్నప్పుడు సెంటర్లో, పెరూ స్టేషన్ దగ్గర ఒక చేతి తొడుగుల కొట్టులో కుట్టుపని చేసేది. నాన్నది రివదావియా రోడ్డు మీద మంగలి షాపు. ఇద్దరూ ఎప్పుడో పని మానేశారు. అయినా అమ్మ పోయిన నెలకి, సాయంత్రం కాగానే నాన్న ఆమె కోసం అడగడం మొదలుపెట్టాడు.

"అంపారో ఇంకా రాలేదా?"

మొదటిసారి నిజం చెప్పాను. అప్పుడే విన్నవాడిలా కుర్చీలో కూలబడ్డాడు. మర్నాడు మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను. ఆయనకి అది పాత వార్త కాదు, ప్రతిసారీ కొత్తగానే వింటున్నాడు. ఇంకోసారి అడిగినప్పుడు, "వస్తుంది నాన్నా," అన్నాను.

నేను బడిలో వ్యాకరణం చెప్తాను. 'వస్తుంది' అనే మాట రోజూ జరిగేదానికీ సరిపోతుంది, ఇక ముందు జరగబోయేదానికీ సరిపోతుంది. ఆ రెంటిలో ఏదీ కాదని తెలిసే వాడాను.

నాన్న టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళాడు. వీధి చివరి దాకా నడిచి వస్తాడనుకున్నాను. అలా ఎన్ని సాయంత్రాలు అనుకున్నానో. ఒకరోజు బెనిగ్నా తలుపు కొట్టింది. ఆమె పరాగ్వే మనిషి. పొద్దున పాస్కో మెట్ల దగ్గర, సాయంత్రం అల్బెర్తి మెట్ల దగ్గర గంపలో చిపా రొట్టెలు పెట్టుకుని అమ్ముతుంది.

"టీచరమ్మా, మీ నాన్నగారు పరుపుల కొట్టు ముందున్నారు."

"అక్కడెందుకు?"

"ఏమో. రోజూ ఉంటారు. చీకటిపడ్డాక నేనే మీ గుమ్మం దాకా తీసుకొచ్చి వదులుతున్నా. మీకు తెలుసనుకున్నా. ఆ కొట్టతను మొదట పరుపు కొనడానికొచ్చారనుకుని కుర్చీ వేశాడట. ఇప్పుడు కుర్చీ లోపల పెట్టేసుకున్నాడు."

రివదావియా రోడ్డుకి దక్షిణం వైపు, పాస్కో వీధి మూల దగ్గర ఉంది ఆ కొట్టు. నాన్న కాలిబాట మధ్యలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, తన బూట్ల ముందున్న నేలని చూస్తున్నాడు. బస్సు కోసం నిలబడ్డాడనుకుందామంటే, బస్సు కోసం చూసేవాళ్ళు ఎవరూ నేలకేసి చూడరు.

"మెట్లు ఎక్కడ పెట్టారే?" అన్నాడు నన్ను చూసి.

"ఏ మెట్లు?"

"స్టేషన్ మెట్లు. ఇక్కడే ఉండాలి. ఎవడో పలకలు పరిచేశాడు. మీ అమ్మ పైకి ఎలా వస్తుంది?"

అప్పుడు అర్థమైంది. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో పాస్కోలో రెండు వైపులా రైలు ఆగేది. షాపు కట్టేసి నాన్న ఇక్కడికి వచ్చి నిలబడితే, అమ్మ తోలు వాసన వేసే చేతులతో ఈ మెట్లెక్కి వచ్చేది. ఆ వైపు మూసేశాక నలభై ఏళ్ళు అల్బెర్తిలో దిగింది. ఆ నలభై ఏళ్ళు చిరిగిపోయాయి. మొదటి రెండేళ్ళు మిగిలాయి.

"నేనూ చెప్పి చూశానమ్మా," అంది బెనిగ్నా గంప దించుకుంటూ. "నాతో అల్బెర్తికి రండి ఒవిదియో గారూ, జనం పైకొచ్చేది అక్కడ, అన్నాను. ఏమన్నారో తెలుసా? 'నా పెళ్ళాం నీ స్టేషన్‌లో దిగుతుందా, నా స్టేషన్‌లో దిగుతుందా?' అన్నారు. దానికి నేనేం చెప్పను?"

"నువ్వు రొట్టెలు అమ్ముకో," అన్నాడు నాన్న. "రైళ్ళ సంగతి నాకొదిలెయ్."

"అలాగే. రైళ్ళు మీవి, రొట్టెలు నావి. ఇదిగో, వేడిగా ఉంది, తినండి."

నాన్న రొట్టె తీసుకుని సగం విరిచి, మిగతా సగం కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఎవరికని నేను అడగలేదు.

ఇంటికి నడుస్తూ ఆ స్టేషన్ ఎలా ఉండేదో చెప్పాడు. ఉదయం తిన్నదేమిటో గుర్తులేని మనిషికి అవన్నీ గుర్తున్నాయి. తెల్ల పింగాణీ పలకల గోడలు, ఇనుప స్తంభాలు, నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో పేరు, కొయ్యతో చేసిన టిక్కెట్ల గది. గోడ పైభాగంలో రంగు పట్టీ. ఈ లైను వేసిన రోజుల్లో ఓడలు దిగొచ్చినవాళ్ళలో చాలామందికి చదువు రాదని, పేరు చదవలేకపోయినా గుర్తుపట్టేలా స్టేషన్‌కో రంగు పట్టీ వేశారంటారు. అమ్మకి చదువు వచ్చు. అయినా పేరు చూసేది కాదు. "అక్షరాలు కూడబలుక్కునేలోపు తలుపు మూసుకుంటుంది. రంగు ముందే కనబడుతుంది," అనేది.

మూసేసిన ఆ పాస్కో పట్టీ ఏ రంగుదన్నది మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ ఉన్న తగువు. నాన్న బూడిద రంగనేవాడు. అమ్మ ఆలివ్ పచ్చ అనేది.

"నలభై ఏళ్ళు నెరిసిన తలలు కత్తిరించాను. బూడిద రంగు నాకు తెలీదా?"

"నేను హయెన్‌లో పుట్టాను. మా ఊరి చుట్టూ ఆలివ్ తోటలు తప్ప ఇంకేమీ లేవు. ఆలివ్ పచ్చ నాకు తెలీదా?"

తెరిచి ఉన్న వైపుకెళ్ళి చూడొచ్చు కదా అని తమ్ముడు ఒకసారి అన్నాడు. ఇద్దరూ వాడి మీద పడ్డారు. అటువైపు పలకలు ఎన్నోసార్లు మార్చారు, అది సాక్ష్యం కాదట. ఆ ఒక్క విషయంలో వాళ్ళకి ఏకాభిప్రాయం ఉండేది.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక ఆదివారం తమ్ముడు ఒరాసియో భోజనానికి వచ్చాడు. వాడికి కారు విడిభాగాల కొట్టు ఉంది. కబాయితో పేటలో ఒక వృద్ధాశ్రమం చూసి వచ్చాడు. రవియోలీ తిన్నాక నాన్న పక్క గదిలో నడుం వాల్చాడు. సొరబుర్రలో మాతే ఆకు మీద వేడి నీళ్ళు పోస్తూ వాడు మొదలుపెట్టాడు.

"శుభ్రంగా ఉంది అక్కా. పెరట్లో నిమ్మచెట్టు కూడా ఉంది."

"నాన్నకి నిమ్మచెట్టెందుకు?"

"నిమ్మచెట్టు ఎవరికీ ఎందుకూ కాదు. మాటవరసకి చెప్పాను. మార్చిలో నువ్వు బడికి పోతావు. సాయంత్రం దాకా ఈయన్ని ఎవరు చూస్తారు? ఆ చిపా గంపావిడా?"

"పక్కింటివాళ్ళు ఉన్నారు."

"పక్కింటివాళ్ళు నాన్నకంటే పెద్దవాళ్ళు. వాళ్ళని నాన్న చూసుకోవాలి." నా వంతు తాగమని మాతే బుర్ర నా చేతికిచ్చాడు. "రోడ్డు మీద లేని మెట్ల కోసం వెతుకుతున్నాడు అక్కా. ఒకరోజు ఆ మెట్లు దిగబోయి బస్సు కింద పడతాడు. అప్పుడు నువ్వూ నేనూ ఒకరి మొహం ఒకరం ఎలా చూసుకుంటాం?"

వాడు అన్నదాంట్లో తప్పు లేదు. నీళ్ళు చల్లారిపోయాయన్నాను.

"బడి తెరిచేదాకా చూద్దాం," అన్నాడు వాడు. "సాయంత్రాలు ఇంటిపట్టున ఉన్నాడా, నేనేం మాట్లాడను. లేదా, నిమ్మచెట్టే."

జనవరి మధ్యలో లైను ఆపేశారు. పాస్కో మెట్లకీ అల్బెర్తి మెట్లకీ ఇనుప గేట్లు దించి తాళాలు వేశారు. లైను పనిచేయదని పసుపు కాగితం అంటించారు. నాన్న కళ్ళజోడు సరిచేసుకుని ఆ కాగితం మొత్తం చదివాడు. ఆయన మొహంలో కొంచెం తృప్తి కనబడింది. ఇన్నాళ్ళూ తన మెట్లు ఒక్కటే మూసేశారనుకున్నాడు. ఇప్పుడు అందరివీ మూసేశారు.

"మరి అంపారో నడిచి రావాలి," అన్నాడు.

"బస్సులున్నాయి నాన్నా."

"ఆవిడకి బస్సు పడదు. తిప్పుతుంది."

అది నిజం. అమ్మకి బస్సు పడేది కాదు.

తర్వాతి వారం బాగా ఎండగా ఉన్న ఒక మధ్యాహ్నం, నేను స్నానం చేసి వచ్చేసరికి వీధి తలుపు తీసి ఉంది. పరుపుల కొట్టు ముందు లేడు. బెనిగ్నా చూడలేదంది. లైను ఆపేశాక ఆమె బస్టాపు దగ్గరికి మారింది. గంప అక్కడే ఉన్న ఒకామెకి అప్పగించి నాతో వచ్చింది. రోడ్డుకి చెరో వైపూ సెంటర్ కేసి నడిచాం. పాస్కో తర్వాతి స్టేషన్ కొంగ్రెసో దగ్గర తోటలో, ఒక బెంచీ మీద దొరికాడు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. పక్కన ఒక పోలీసమ్మాయి నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉంది. నాన్న మొహం ఎర్రగా కందిపోయింది. పెదవులు పగిలాయి.

"ఈయన మీ మనిషేనా? పెరూ స్టేషన్‌కి దారి అడుగుతున్నారు," అంది ఆ అమ్మాయి. "భార్యని తీసుకురావాలట. ఫోను నంబరు అడిగితే అంకెలు రెండు తక్కువ చెప్తున్నారు."

"అప్పటి నంబర్లు అంతే ఉండేవి," అన్నాను.

ఆ రాత్రి ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. ఒరాసియో వచ్చాడు. బడి తెరిచాక వచ్చే రెండో సోమవారం నుంచి కబాయితోలో చోటు ఖాయం చేశాడు. నేను సరేనన్నాను. బడి తెరిచేదాకా వీధి తలుపుకి లోపల తాళం వేసి, తాళంచెవి నా జేబులో పెట్టుకున్నాను. సాయంత్రమయ్యేసరికి నాన్న టోపీ పెట్టుకుని తలుపు దగ్గరకొచ్చేవాడు. గడియ లాగేవాడు. తలుపు కొట్టేవాడు కాదు, అరిచేవాడు కాదు. కొట్టు ఇంకా తెరవనందుకు బయట నిలబడ్డ మనిషిలా ఓపిగ్గా నిలబడేవాడు. చీకటిపడినా అక్కడి నుంచి కదిలేవాడు కాదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి భోజనం ముందు కూర్చోబెట్టాల్సి వచ్చేది.

బడి తెరిచారు. మొదటి వారం ఒరాసియో తన కొట్టు మూసుకుని నాన్న దగ్గర కూర్చున్నాడు. సూట్‌కేసు సర్ది హాల్లో పెట్టాడు. అది ఎవరిదని నాన్న అడిగితే, "నాదే," అన్నాడట. ఆ వారం చివర లైను మళ్ళీ తెరిచారు.

శనివారం మధ్యాహ్నం నాన్నకి ఇస్త్రీ చొక్కా తొడిగి పాస్కోకి తీసుకెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో నన్నడిగితే అప్పుడు చెప్పగలిగేదాన్ని కాదు. ఇంకో రెండు రోజుల్లో వెళ్ళిపోతాడు. ఒకసారి ఆ రైలెక్కించాలనిపించింది.

కొత్త పెట్టెలు చల్లగా, తెల్లగా ఉన్నాయి. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. నాన్న పిడి కోసం వెతికి, దొరక్క, తలుపుకి దారిచ్చి పక్కకి జరిగాడు.

"కొయ్య వాసన లేదు."

"పెట్టెలు మార్చారు నాన్నా."

"ఆసుపత్రిలా ఉంది."

పెరూలో దిగి, అవతలి ప్లాట్‌ఫాంకి వెళ్ళి తిరుగు రైలెక్కాం. చేతి తొడుగుల కొట్టు ఉన్న వీధికి ఆయన్ని తీసుకెళ్ళలేదు. ఇప్పుడక్కడ ఫోన్లు అమ్ముతారు. రైల్లో ఆయన్ని ఎడమ వైపు కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కొంగ్రెసో దాటగానే నాన్న లేచి నిలబడ్డాడు. తర్వాతిది పాస్కో కదా. నేను ఆపలేదు. చొక్కా పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"కిటికీలోంచి చూడు."

సొరంగం గోడ హఠాత్తుగా వెనక్కి జరిగింది. పెట్టె దీపాల వెలుగు ఒక ప్లాట్‌ఫాం మీదుగా పాకింది. ఇనుప స్తంభాలు. మసి పట్టిన తెల్ల పలకలు, కొన్ని ఊడిపోయిన చోట ఇటుక. అడ్డంగా పేర్చిన దూలాలు. గోడ మీద, పేరున్న రేకు తీసేసిన చోట, దాని ఆకారంలో ఒక తెల్లటి మచ్చ. పైన ఒక పట్టీ. మనిషి జాడ లేదు. ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ సొరంగం గోడ వచ్చేసింది.

నాన్న అరచెయ్యి అద్దానికి ఆనించి ఉంది.

"ఆగలేదే," అన్నాడు.

"ఇక్కడ ఆగదు నాన్నా. ఈ వైపు మూసేశారు."

"ఎప్పుడు?"

"నేను పుట్టకముందు."

నాన్న నా మొహం చూశాడు. నా జుట్టు చూశాడు. మంగలి కదా, ఎంత నెరిసిందో ఒక్క చూపులో అంచనా వేసి ఉంటాడు.

"మరి అంపారో?"

"అల్బెర్తిలో దిగేది," అన్నాను.

ఈసారి కాలం సరిగ్గా వాడాను. నాన్న ఆ మాటని మెల్లగా పైకి అనుకున్నాడు. "దిగేది." తర్వాత అల్బెర్తి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, దిగాం. మెట్ల మీద నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"పట్టీ చూశావా?" అన్నాడు సగం మెట్లెక్కాక.

"చూశాను."

"ఏ రంగు?"

"మసి పట్టి ఉంది నాన్నా, తెలీలేదు."

"బూడిద," అన్నాడు. ఎప్పుడూ అనేంత గట్టిగా అనలేదు.

మర్నాడు ఆదివారం. సాయంత్రం టోపీ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. తాళంచెవి జేబులో తడుముకుని, ఆలోచించి, తీశాను. కాస్త వెనక నడిచాను. వీధి మూలకి రాగానే ఎప్పుడూ కుడికి తిరిగి పరుపుల కొట్టు కేసి వెళ్ళేవాడు. ఎడమకి తిరిగాడు.

అల్బెర్తి మెట్ల పైన, ఇనుప కటకటాలకి ఆనుకుని నిలబడ్డాడు. పక్కన బెనిగ్నా, గంప. రైలు వచ్చినప్పుడల్లా కింద నుంచి ఒక గాలి వచ్చేది, దాని వెనకే జనం. పిల్లలు, సంచులు, పూలు పట్టుకున్న ఒకతను. నాన్న ప్రతి మొహం చూశాడు. కాసేపటికి జనం పలచబడ్డారు. ఇంకో రైలు వచ్చింది, ఒక్కరే పైకొచ్చారు. నాన్న గడియారం చూసుకున్నాడు.

"ఇవాళ ఆదివారం," అన్నాడు బెనిగ్నాతో. "కొట్టు సెలవు."

"మరి ఇంటికెళ్ళండి ఒవిదియో గారూ, కాళ్ళు నొప్పెడతాయి."

నాన్న వెనక్కి తిరిగాడు. తనంతట తనే ఇంటి దారి పట్టాడు. పరుపుల కొట్టు ముందు నుంచి ఆయన ఎప్పుడూ అలా వచ్చింది లేదు. ఎవరో ఒకరు వెళ్ళి తీసుకురావలసిందే. అక్కడ ఎవరూ పైకి రారు కనుక, ఎదురుచూడడం ఎప్పుడు అయిపోయిందో తెలిసేది కాదు. ఇక్కడ తెలుస్తుంది.

సోమవారం పొద్దున్నే ఒరాసియో కారు తెచ్చాడు. హాల్లో నిలబడి జరిగింది చెప్పాను. వాడు సూట్‌కేసు పిడి వదల్లేదు.

"ఒక్క సాయంత్రం అక్కా. ఒక్క సాయంత్రం చూసి లెక్కలు వేస్తావా?"

"ఈ వారం చూద్దాం."

"టీచరమ్మా, నువ్వు పిల్లలకి ఇలాగే మార్కులు వేస్తావా?"

"బాగా రాసినవాళ్ళకి వేస్తాను."

"ఈ వారమే," అన్నాడు. సూట్‌కేసు మళ్ళీ గోడ పక్కన పెట్టాడు. "సాయంత్రం దాకా నేనుంటాను. తర్వాత ఆ గంపావిడ దగ్గర అప్పజెప్తాను. విన్నావా నాన్నా, నీకు రొట్టెల ఆవిడ కాపలా."

"ఆవిడ రొట్టెలే అమ్ముతుంది," అన్నాడు నాన్న. "రైళ్ళ సంగతి ఆవిడకి తెలీదు."

ఆ రోజు బడి అయ్యాక రైలెక్కాను. కొంగ్రెసో దాటాక ఎడమ వైపు కిటికీ దగ్గర నిలబడ్డాను. స్తంభాలు, పలకలు, తెల్ల మచ్చ, పట్టీ. అల్బెర్తిలో దిగి జనంతో పాటు మెట్లెక్కాను. పైన వెలుగులో టోపీ కనబడింది.

నాన్న మొహాలన్నీ చూస్తూ నా మొహం దగ్గర ఆగాడు. చెయ్యి చాచి నా సంచి అందుకున్నాడు. అమ్మ సంచి ఎప్పుడూ అలాగే అందుకునేవాడు.

"ఆలస్యమైంది," అన్నాడు.

"రైలు కిక్కిరిసి ఉంది."

ఎవరి కోసం నిలబడ్డాడో నేను అడగలేదు. కోటు జేబులోంచి కాగితం చుట్టిన సగం చిపా తీసి ఇచ్చాడు. తింటూ పక్కన నడిచాను.

"పట్టీ చూశావా?"

"చూశాను."

"ఏ రంగు?"

"ఆలివ్ పచ్చ," అన్నాను.

నాన్న నడక ఆపాడు. సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"బూడిద," అన్నాడు, ఎప్పుడూ అనేంత గట్టిగా.

సూట్‌కేసు హాల్లోనే ఉండిపోయింది. చలికాలం వచ్చాక దానిలోంచి స్వెటర్లు తీసుకున్నాం. నాన్న రోజూ అడిగేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను పచ్చ అనే చెప్పాను.